మొసళ్ల సీమలో డబ్బాల వేట

జియోక్యాషింగ్‌లో కళ్లకంటే ముందు చెయ్యి వెళ్తుంది. ఉపగ్రహం చూపించిన చోటికి ఫోన్ పట్టుకుని నడుస్తాం. అక్కడికి చేరాక రాయి కిందో, చెట్టు తొర్రలోనో, వంతెన కమ్మీ వెనకో చెయ్యి పెట్టి తడుముతాం. ఎవరో దాచిన డబ్బా దొరికితే లోపలి చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి మళ్లీ అక్కడే పెట్టేస్తాం. 2000 మే మొదటి వారంలో అమెరికా తన జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసింది. వెంటనే, మే 3న, ఒరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక బకెట్‌ను పొదల్లో దాచి దాని అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెట్టాడు. ఇవాళ ఈ ఆట ఆడని దేశం దాదాపు లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల్లో రాళ్ల సందులో చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించి చూడటం నాకూ మా ఆయనకీ ఎప్పటినుంచో అలవాటు. తేలు ఎక్కడ ఉంటుందో, పాము ఏ వేళకి బయటికొస్తుందో పెద్దవాళ్లు చెప్పగా విన్నవాళ్లమే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు ఉత్తర తీరం సంగతి అది కాదు. అక్కడ ఏ నీళ్లలో ఏముంటుందో, ఏ ఆకు ముట్టుకోకూడదో మన పెద్దవాళ్లెవరూ చెప్పి ఉండరు. అందుకే ఈ యాత్రలో సగం ఇంట్లోనే, టేబుల్ మీదే జరిగింది.

బయల్దేరే ముందు

మా తమ్ముడు బ్రిస్బేన్‌లో ఉంటాడు. వాడి కూతురు చిన్ని నాలుగో తరగతి. సెప్టెంబరు ఆఖర్లో వాళ్ల బడికి సెలవులు, ఇక్కడ మాకు దసరా సెలవులు. నలుగురం ఆ ఉత్తర తీరంలోని కైర్న్స్ ఊళ్లో కలుసుకుందాం అనుకున్నాం. నెల కుదరడం ఒక్క సెలవుల సంగతే కాదు. ఆ తీరంలో నవంబరు నుంచి మే దాకా విషపు బాక్స్ జెల్లీఫిష్‌లు, ఇరుకాంజీలనే బుల్లి జెల్లీఫిష్‌లు సముద్రంలో ఉంటాయి. వానలూ తుపానులూ ఇంచుమించు అప్పుడే. జూన్ నుంచి అక్టోబరు దాకా వాతావరణం పొడిగా, నడవడానికి హాయిగా ఉంటుంది. కానీ సెప్టెంబరు దాటుతుంటే నీళ్లు వేడెక్కి మొసళ్లలో చురుకుదనం పెరుగుతుంది. అంటే మేం వెళ్లేది ఒక ప్రమాదం తగ్గి ఇంకోటి లేచే సంధికాలం. ముందు ఇది తెలుసుకుని ఆ తర్వాతే డబ్బాల జాబితా తెరిచాం.

ప్రతి డబ్బాకీ రెండు అంకెలుంటాయి. వెతకడం ఎంత కష్టమో ఒకటి, చేరడం ఎంత కష్టమో ఇంకోటి. రెండూ 1 నుంచి 5 దాకా, మధ్యలో అరలతో. చేరడం 1.5 అంటే చదునైన దారి, పిల్లలు కూడా నడవగలరు. కొండ ఎక్కాల్సినదానికి 4 ఉంటుంది. ఈ అంకె నేల గురించి చెబుతుందే గానీ నేల మీద ఎవరున్నారో చెప్పదు. వాగు ఒడ్డున పచ్చిక మీద నాలుగడుగులు వేస్తే దొరికే డబ్బాకి 1.5 ఉంటుంది. ఉప్పునీటి మొసలి ఉండే ప్రాంతంలో ఆ నాలుగడుగులు కొండ ఎక్కడం కన్నా ప్రమాదం. అందుకని మా ఆయన ఆ అంకెల్ని పక్కన పెట్టేసి, ప్రతి డబ్బానీ మ్యాప్‌లో దగ్గరికి లాగి చూసి, రంగులు పెట్టారు. నీటి అంచుకి ఐదు మీటర్ల లోపల ఉంటే ఎరుపు. దారి వదిలి అడవిలోకి దిగాలంటే పసుపు. చెక్కవంతెన, పార్కింగ్, వ్యూ పాయింట్ దగ్గరైతే ఆకుపచ్చ. ఐదు మీటర్లు మేం పెట్టుకున్న లెక్క కాదు, మొసళ్లున్న చోట నీటికి కనీసం అంత ఎడంగా ఉండాలని క్వీన్స్‌లాండ్ ప్రభుత్వమే చెబుతుంది.

ఎరుపు వాటిని జాబితాలోంచి మొత్తానికి తీసేశాం. కారణం ఉంది. ఉప్పునీటి మొసలి ఓపిగ్గా గమనిస్తుంది. ఒకే చోటికి, ఒకే వేళకి ఏ జంతువైనా మళ్లీ మళ్లీ వస్తే అక్కడ కాచుకుంటుంది. చేపలు పట్టేవాళ్లకీ, గుడారం వేసేవాళ్లకీ అక్కడ చెప్పే మొదటి మాట, రోజూ అదే చోట నీళ్లలోకి దిగొద్దని. జియోక్యాష్ చేసేది సరిగ్గా అదే పని. వేర్వేరు మనుషులు వేర్వేరు దేశాల నుంచి వచ్చి ఒక్కటే వేరు దగ్గర ఒక్కలాగే వంగుతారు. మనం మొదటిసారే వెళ్తుండొచ్చు, ఆ ఒడ్డుకి మాత్రం మనం మొదటివాళ్లం కాదు.

మిగిలినవాటికి పాత లాగ్‌లన్నీ చదివాం. ముందు వెళ్లినవాళ్లు రాసిన రెండు ముక్కల్లోనే బోలెడు సమాచారం ఉంటుంది. "జలగలు పట్టాయి" అని ఫిబ్రవరిలో రాస్తే అది వానల సంగతి. "వెనక నుంచి రాకండి, చీమల పుట్ట ఉంది" అంటే అది ఎప్పటికీ పనికొస్తుంది. డబ్బా పేజీలో పురుగులు, ముళ్లు, విషపు మొక్కలు, ప్రమాదకర జంతువులు అని చిన్న బొమ్మలు కూడా ఉంటాయి. వాటిని దాచినవాళ్లు పెట్టాలి, చాలామంది పెట్టరు. బొమ్మ ఉంటే నమ్మాలి, లేకపోతే ఏమీ లేదనుకోకూడదు. సూచనలు పదమూడు అక్షరాలు జరిపిన గుప్తలిపిలో ఉంటాయి. ఇంట్లో కూర్చుని అన్నీ విప్పి కాగితం మీద రాసుకున్నాం. మామూలుగా అది ఆటని చెడగొట్టే పని. ఇక్కడ మాత్రం, "చెట్టు వెనక, మోకాలి ఎత్తులో" అని ముందే తెలిస్తే పది తొర్రల్లో చెయ్యి పెట్టే అవసరం తప్పుతుంది.

ఇక సంచిలో సామాన్లు. పాము కాటుకి అక్కడి ప్రథమ చికిత్స మనం విన్నదానికి వేరు. మన రక్తపింజర కాటు కండని కుళ్లబెడుతుంది, కాబట్టి గట్టిగా కట్టొద్దంటారు మన డాక్టర్లు. ఆస్ట్రేలియాలో పింజర జాతి పాములు అసలు లేవు. టైపాన్, బ్రౌన్ స్నేక్‌ల విషం ఎక్కువగా నరాల మీద, రక్తం మీద పనిచేస్తుంది. వెడల్పాటి సాగే బ్యాండేజీతో కాటు మీదుగా మొదలుపెట్టి చెయ్యో కాలో మొత్తం బిగించి చుట్టి, కర్ర కట్టి, మనిషిని కదలనివ్వకుండా అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. కాటుని కడగకూడదు, చర్మం మీది విషాన్ని చూసి ఆస్పత్రిలో ఏ పామో గుర్తుపట్టగలరు. మనిషికి రెండు బ్యాండేజీలు తీసుకున్నాం. పొడుగు ప్యాంట్లు, మందపాటి తోలు గ్లవ్స్, పొడుగు పట్టకారు, టార్చి, వెంట్రుకలు తీసే వ్యాక్సింగ్ స్ట్రిప్‌ల పెట్టె ఒకటి. ఆ ఆఖరిది ఎందుకో తర్వాత చెబుతాను.

డెయింట్రీ నది దాటితే చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇక్కడ ఒక హెచ్చరిక రాయాలి. ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే పరికరాన్ని అనుమతి లేకుండా మన దేశంలో దగ్గర పెట్టుకోవడం నేరం. విమానాశ్రయాల్లో పట్టుబడ్డవాళ్లున్నారు. ఇక్కడ కొని పట్టుకెళ్దాం అనుకోకండి. ఆపదలో మీట నొక్కితే ఉన్న చోటు తెలిపే బీకన్‌ని మేం అక్కడే అద్దెకి తీసుకున్నాం.

డబ్బాల్లో ఉన్న చిన్న వస్తువులకి బదులుగా పెట్టడానికి ఏటికొప్పాక బొమ్మలు తీసుకెళ్లాలని నాకు చాలా ఉండింది. కానీ చెక్క వస్తువు ఏదైనా ఆస్ట్రేలియా విమానాశ్రయంలో చెప్పి చూపించాలి. పురుగు తొలిచిన గుర్తు కనిపిస్తే తీసేసుకుంటారు. పైగా డబ్బా తడిస్తే రంగు పోతుంది. చార్మినార్ లోహపు బిళ్లలు కొన్నాం.

శనివారం, కైర్న్స్

సింగపూర్ మీదుగా వచ్చాం. విమానంలో ఇచ్చే కార్డు మీద మసాలా పొడులు, నడక బూట్లు రెండూ రాశాం. బూట్ల అడుగున మట్టి ఉందేమోనని తిప్పి చూశారు. ఇంట్లోనే పాత బ్రష్‌తో రుద్ది, ఆరబెట్టి తెచ్చాం కాబట్టి వెంటనే వదిలేశారు. ఆవకాయా నెయ్యీ తమ్ముడింట్లో ఎలాగూ ఉంటాయి, మోసుకురాలేదు.

సాయంత్రం ఎస్ప్లనేడ్ మీద నడిచాం. ఊరి ముందు ఇసుక బీచ్ ఉండదు, ఆటుపోట్లకి బయటపడే బురద మైదానం ఉంటుంది. సైబీరియా వైపు నుంచి వలస వచ్చిన పొడుగుముక్కు కర్లూ పక్షులు బురదలో ముక్కులు దించి తింటున్నాయి. జనం ఈదడానికి పక్కనే పెద్ద లగూన్ కట్టారు. దాని పక్కనే పసుపు బోర్డు, మొసలి నోరు తెరిచిన బొమ్మ, ఇంగ్లీషు కింద జర్మన్ భాషలోనూ హెచ్చరిక. ఊరి నడిబొడ్డున ఆ బోర్డు చూసేసరికి మా ఆయన జాబితా ఇంకోసారి తీసి, పసుపులో ఉన్న రెండింటిని ఎరుపులోకి మార్చారు.

మొదటి డబ్బా అక్కడే, ఒక బెంచీ కింద అయస్కాంతంతో అతుక్కున్న చిన్న గొట్టం. చిన్ని మోకాళ్ల మీద కూర్చుని ముందు టార్చి వేసి చూసింది, ఆ తర్వాతే చెయ్యి పెట్టింది. "మా టీచర్ చెప్పింది అత్తా, రెడ్‌బ్యాక్ సాలీడు ఎప్పుడూ కూర్చునే చోటు కిందే ఉంటుంది" అంది.

ఆదివారం, మరీబా వైపు

కురాండా దాటి పడమటికి వెళ్తే అడవి పలచబడి యూకలిప్టస్, ఎర్రమట్టి, చెదల పుట్టలు. తడి అడవి భయాలు ఇక్కడ లేవు, పొడి నేలవి ఉన్నాయి. రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఇనుప స్తంభం వెనక డబ్బా. తమ్ముడు పట్టకారుతో మూతని పక్కకి జరిపాడు. స్తంభానికీ డబ్బాకీ మధ్య చిక్కుపడ్డ, ఏ ఆకారమూ లేని గూడు. తోటలో కనిపించే గుండ్రటి గూడు కాదు, గట్టి దారాలు అడ్డదిడ్డంగా నేల దాకా దిగాయి. మధ్యలో తలకిందులుగా బఠాణీ గింజంత నల్లని పొట్ట, దాని మీద ఎర్రని గీత. ఆడ రెడ్‌బ్యాక్. కదల్లేదు. ఈ సాలీడు వెంటపడదు, తరమదు. దాని గూట్లో మన వేలు నలిగితేనే కుడుతుంది. కుడితే గంటల తరబడి నొప్పి, చెమటలు. 1956 నుంచి దానికి విరుగుడు మందు ఉంది. తమ్ముడు మూత యథాస్థానంలో పెట్టాడు. లాగ్‌లో, "సాలీడు ఉంది, సంతకం చేయలేదు, డబ్బా క్షేమం" అని రాశాం. వెనక వచ్చేవాడి చేతికి అదే కావాలి.

సోమవారం, డెయింట్రీ

కైర్న్స్ నుంచి కెప్టెన్ కుక్ హైవే, ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ. పోర్ట్ డగ్లస్, మాస్మన్ దాటాక చెరుకు తోటలు. కోత కాలం. చెరుకు మోసే బుల్లి రైళ్లు రోడ్డు దాటుతుంటే ఆగి చూశాం. వందో కిలోమీటరు దగ్గర్లో నది వస్తుంది. వంతెన లేదు, తీగ మీద నడిచే ఫెర్రీ కారుని అవతలికి చేరుస్తుంది. అవతల రాష్ట్రపు కరెంటు గ్రిడ్ కూడా లేదు, ఇళ్లన్నీ సోలారు మీదా జనరేటర్ల మీదా నడుస్తాయి.

ఫెర్రీ ఎక్కే ముందు పొద్దున్నే నది మీద పడవలో ఒక గంట తిరిగాం. నిజానికి ఇది మా ప్రణాళికలో భాగం. ఏ జంతువుకి భయపడాలో దాన్ని ముందు మంచి దూరం నుంచి, తెలిసినవాళ్లతో చూడాలని నా పట్టుదల. పడవ నడిపే ఆవిడ ఇంజిన్ తగ్గించి ఒడ్డు చూపించింది. చాలాసేపు నాకు బురద తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత ఆ బురదలో ఒక కన్ను తెరుచుకుంది. దాని వెనక వీపు, ఆ వెనక తోక, అన్నీ బురద రంగే. నాలుగు మీటర్లుంటుందని ఆవిడ చెప్పింది. మగవి ఐదు మీటర్లు దాటేవీ ఉన్నాయి. పొద్దుటి ఎండకి ఒళ్లు వెచ్చబెట్టుకుంటోంది. క్వీన్స్‌లాండ్‌లో 1974లో వేట నిషేధించక ముందు చర్మం కోసం వీటిని దాదాపు తుడిచిపెట్టారు. ఇప్పుడు తిరిగి నిలదొక్కుకున్నాయి. మన భితార్‌కనికలో, సుందర్‌బన్స్‌లో ఉండేదీ ఈ జాతే.

మధ్యాహ్నం మర్జా బోర్డ్‌వాక్. వానడవి లోపలి నుంచి మడ అడవిలోకి చెక్కదారి వెళ్తుంది. ఇక్కడ డబ్బా ఏమీ లేదు, చెట్లూ రాళ్లూ గమనించి జవాబులు పంపే రకం. జాతీయ పార్కుల్లో నేల సొంతదారు అనుమతి లేకుండా డబ్బా దాచకూడదు. ఈ నేల సొంతదారులు ఇక్కడి ఆదివాసులైన ఈస్టర్న్ కుకు యలాంజీ ప్రజలు. 2021లో డెయింట్రీ పార్కు వాళ్ల చేతికి తిరిగొచ్చింది. డబ్బా లేని ఈ రకమే నాకు ఈ అడవికి సరైనదనిపిస్తుంది. చెయ్యి ఎక్కడా పెట్టనక్కర్లేదు, దారి దిగనక్కర్లేదు.

దారి దిగితే ఏమవుతుందో చెక్కదారి పక్కనే చూశాం. పెద్ద చెట్టు పడిపోయి ఎండ పడుతున్న జాగాలో నడుమెత్తు మొక్క, లేతాకుపచ్చ రంగు, అరచేయంత హృదయాకారపు ఆకులు, అంచులకి రంపపు పళ్లు. ఎండకి ఎదురుగా చూస్తే ఆకంతా నూగు. జింపీ జింపీ. ఆ నూగు సిలికాతో చేసిన బోలు సూదులు, లోపల విషం. రాసుకుంటే మంటలాంటి నొప్పి, చన్నీళ్లు తగిలినప్పుడల్లా వారాలు, నెలల తర్వాత కూడా తిరగబెడుతుంది. ఎండిన ఆకు కూడా వదలదు. మన దురదగొండి తెలిసినవాళ్లు కూడా దీన్ని ఆ లెక్కలో చూడకూడదు. రుద్దకూడదు, రుద్దితే సూదులు విరిగి లోపలికి దిగుతాయి. వ్యాక్సింగ్ స్ట్రిప్ అంటించి ఒక్కసారిగా లాగాలి. ఆ పెట్టె మేం తెరవాల్సిన పని పడలేదు. ఈ మొక్క పెరిగేది దట్టమైన నీడలో కాదు, దారి అంచున, చెట్టు పడ్డచోట, అంటే మనుషులు డబ్బా దాచడానికి ఇష్టపడే జాగాల్లోనే. పైగా గుబురు కింద జీపీఎస్ పది, ఇరవై మీటర్లు తప్పు చూపిస్తుంది. ఆ తప్పుని సరిదిద్దుకోవడానికి మనిషి పొదల్లో గుండ్రంగా తిరుగుతాడు. అందుకే పసుపు డబ్బాలకి మేం ఒక షరతు పెట్టుకున్నాం. దారి మీద నిలబడి సూచనలో చెప్పిన చెట్టో రాయో కంటికి కనిపిస్తేనే దిగాలి. కనిపించకపోతే వదిలెయ్యాలి.

మంగళవారం, కేప్ ట్రిబ్యులేషన్

1770 జూన్‌లో ఇంగ్లీషు నావికుడు కుక్ ఓడ ఈ తీరానికి దగ్గర్లో పగడపు దిబ్బకి గుద్దుకుంది. కష్టాలన్నీ ఇక్కడే మొదలయ్యాయని, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఈ నేల కొసకి కేప్ ట్రిబ్యులేషన్, అంటే కష్టాల కొస, అని పేరు పెట్టాడు. కుల్కీ వ్యూ పాయింట్ నుంచి అడవి నేరుగా ఇసుకలోకి దిగడం కనిపిస్తుంది. నీళ్లు నీలంగా, నిశ్చలంగా, దిగమని పిలుస్తున్నట్టే ఉంటాయి. ఎవరూ దిగలేదు. ఇక్కడికి దక్షిణాన ఉన్న థార్న్‌టన్ బీచ్‌లో 2016లో రాత్రిపూట నీళ్లలోకి వెళ్లిన ఒక మహిళని మొసలి లాక్కుపోయింది. ఉప్పునీటి మొసలి నదిలోనే ఉంటుందనుకోవడం తప్పు, సముద్రం దానికి రహదారి.

తిరుగుదారిలో ఒక వాగు దగ్గర ఆగాం. వాగు పేరు రాయను, డబ్బా దాచింది ఎవరో తెలిసిపోతుంది. మా జాబితాలో అది ఆకుపచ్చ. మ్యాప్ ప్రకారం పార్కింగ్ పక్కన, నీటికి ఎడంగా. వెళ్లి చూస్తే వానలకి ఒడ్డు కోసుకుపోయి, డబ్బా ఉన్న చెట్టు వేళ్లు నీటికి మూడు మీటర్లలో ఉన్నాయి. మా ఆయన కారు దగ్గరే చెయ్యి అడ్డం పెట్టి అందర్నీ ఆపేశారు. అవతలి ఒడ్డున తడి బురదలో వెడల్పాటి నున్నని చార, నీళ్లలోకి దిగింది. మధ్యలో సన్నని గాడి, అటూ ఇటూ గోళ్ల గుర్తులు. "అది జారుడుబండలా ఉంది అత్తా" అంది చిన్ని. మధ్య గాడి తోకది. గుర్తుల అంచులు ఇంకా ఎండలేదు.

చిన్నికి డబ్బా మీద చాలా ఆశ ఉండింది. పొద్దున్నే తన వంతని చెప్పుకుంది. తమ్ముడు దాన్ని కారు బానెట్ మీద కూర్చోబెట్టి బైనాక్యులర్ ఇచ్చాడు, ఆ చారని పూర్తిగా చూడమన్నాడు. సిగ్నల్ వచ్చాక ప్రభుత్వపు క్యూవైల్డ్‌లైఫ్ యాప్‌లో ఫోటోతో పంపాం. డబ్బా యజమానికి వేరేగా మెసేజ్ పెట్టాం. ఒడ్డు ఎంత కోసుకుపోయిందో, గుర్తులు ఎక్కడున్నాయో రాశాం.

బుధవారం

ఫిట్జ్‌రాయ్ దీవి. జెల్లీఫిష్‌ల కాలం ఇంకా రాకపోయినా ఒళ్లంతా కప్పే లైక్రా సూట్‌లు వేసుకునే నీళ్లలో దిగాం. బీచ్‌ల దగ్గర స్తంభాలకి వెనిగర్ సీసాలు కట్టి ఉంటాయి. బాక్స్ జెల్లీఫిష్ తగిలితే మంచినీళ్లు పోయకూడదు, వెనిగర్ అర నిమిషం ఆపకుండా పోయాలి. ఇరుకాంజీ గోటి సైజులో ఉంటుంది, నీళ్లలో కంటికి దాదాపు కనబడదు. ఇక్కడ ఈదేవాళ్లకి వచ్చే ఒక వింత జబ్బుకి కారణం అదేనని తేల్చడానికి 1961లో కైర్న్స్ డాక్టర్ జాక్ బార్న్స్ దాన్ని తనమీదా, తన కొడుకు మీదా, ఒక లైఫ్‌గార్డు మీదా కుట్టించుకున్నాడు. ముగ్గురూ ఆస్పత్రి పాలయ్యారు.

గురువారం, ఆథర్టన్ టేబుల్‌ల్యాండ్స్

గోర్డన్‌వేల్ మీదుగా వెళ్లాం. చెరుకు పురుగుల్ని తింటాయని 1935లో హవాయి నుంచి తెచ్చిన కేన్ టోడ్ కప్పల్ని మొదట వదిలింది ఈ చుట్టుపక్కలే. పురుగులు తగ్గలేదు, విషపు కప్పలు ఖండపు ఉత్తర, తూర్పు భాగాల్లో చాలా దూరం పాకాయి. అక్కడి నుంచి గిల్లీస్ రోడ్డు మలుపు మీద మలుపుగా పైకెక్కుతుంది. ఈచమ్, బారీన్ రెండూ అగ్నిపర్వతపు పేలుడు గుంటల్లో నిలిచిన చెరువులు, 65 మీటర్ల దాకా లోతు. ఇక్కడా డబ్బా లేని రకమే, వాటి భూగర్భం గురించి అది అడిగే ప్రశ్నలు చిన్నికి చాలా నచ్చాయి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఒడ్డున వాగు కోసం తిరిగి తిరిగి, వాగు లేదని తనే తేల్చింది.

యుంగబురాలో సాయంత్రం వాగు గట్టు మీది చూపుదడి వెనక నిలబడి బాతుముక్కు జంతువు ప్లాటిపస్‌ని చూశాం. మగదానికి వెనక కాళ్లలో విషపు ముల్లు ఉంటుంది, మార్ఫిన్‌కి కూడా లొంగని నొప్పి. చీకటి పడ్డాక రోడ్డు మీద వాలబీలు, అంటే చిన్న కంగారూలు, వస్తాయి కాబట్టి అక్కడే బస చేశాం.

శుక్రవారం, ఎటీ బే

ఇన్నిస్‌ఫెయిల్ దగ్గర, కొండకీ సముద్రానికీ మధ్య చిన్న ఇసుక వంపు. ఇక్కడ క్యాసోవరీలు బీచ్ మీదకి వస్తాయి. ఈ పక్షి కోసమే ఈ రోజుని జాబితాలో పెట్టాను.

పది గంటల వేళ డబ్బా ఉన్న చెట్టుకి ముప్ఫై అడుగుల దూరంలో ఉండగా, ముందు ఒక గంభీరమైన చప్పుడు వచ్చింది. చెవికి వినిపించడం కన్నా ఛాతీకి తెలిసింది. చెట్ల వెనక నుంచి మగ క్యాసోవరీ బయటికొచ్చింది. నా తలకన్నా కాస్త ఎత్తు. ఒళ్లంతా నల్లని, వెంట్రుకల్లాంటి ఈకలు. మెడ ముదురు నీలం, కింద రెండు ఎర్రని తోలు వేలాడుతున్నాయి, తల మీద ఎముక కిరీటం. దాని కాళ్ల చుట్టూ గోధుమరంగు చారల పిల్లలు మూడు. పిల్లల్ని పెంచేది తండ్రే. గుడ్ల మీద యాభై రోజులు కూర్చుంటుంది, తర్వాత దాదాపు తొమ్మిది నెలలు వెంట తిప్పుకుంటుంది. ఆ కాలంలో దానికి ఓర్పు ఉండదు.

ప్రతి కాలికీ మూడు వేళ్లు, లోపలి వేలికి నిటారుగా కత్తి లాంటి గోరు, పన్నెండు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. 1926లో మాస్మన్ దగ్గర పదహారేళ్ల కుర్రాడు దాని దెబ్బకి చనిపోయాడు. కొట్టబోయి పరుగెత్తి పడిపోయాడు. పరుగెత్తకూడదు, వెన్ను చూపకూడదు, వంగకూడదు. దీన్ని మేం ఇంట్లోనే హాల్లో నిలబడి అలవాటు చేసుకున్నాం.

"చిన్నీ, నా వెనక్కి రా. మెల్లగా" అన్నారు మా ఆయన. వీపు మీది సంచి ముందుకి తిప్పి రెండు చేతుల్తో పొట్టకి అడ్డంగా పట్టుకున్నారు. తమ్ముడూ అంతే. దాని వైపే చూస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేశాం. అది తల పక్కకి వంచి ఒక కంటితో మమ్మల్ని చూసింది. కన్ను నారింజ కలిసిన గోధుమ రంగు. ఒక పిల్ల రాలిన నీలం పండుని ముక్కుతో ఎత్తి, మింగలేక వదిలేసింది. తండ్రి దాన్ని తీసి ఒక్క గుటకలో మింగింది. ఈ అడవిలో పెద్ద గింజల చెట్లెన్నో దీని కడుపు గుండా వెళ్లే దూరాలకి చేరుతాయి. ఇది లేకపోతే ఆ చెట్ల పిల్లలు తల్లి నీడ దాటి బయటపడలేవు. పక్క పిక్నిక్ టేబుల్ దగ్గర ఒకాయన చేతిలోని అరటిపండుని గబగబా సంచిలో పెట్టేసుకోవడం చూసి నాకు గౌరవం కలిగింది. తిండి పెట్టడం అలవాటైన క్యాసోవరీ మనుషుల వెంటపడుతుంది, రోడ్ల మీదకొచ్చి కార్ల కింద పడుతుంది.

అది పిల్లలతో సరిగ్గా మా చెట్టు వైపే వెళ్లింది. అక్కడే మేసింది. మేం గంటకి పైగా దూరంగా కూర్చుని చూశాం, తర్వాత లేచి వెళ్లిపోయాం. అక్కడి లాగ్‌లో వేళ, పిల్లలున్న సంగతి, ఎటు నుంచి వచ్చాయో రాశాను.

శనివారం, తిరుగు ప్రయాణం

విమానాశ్రయంలో ఉండగా వాగు డబ్బా యజమాని నుంచి జవాబు వచ్చింది. రెండేళ్లుగా తను అటు వెళ్లలేదట. డబ్బాని ఆ రోజే తాత్కాలికంగా మూసేశాడు. వచ్చే వారం తనే వెళ్లి, నీటికి చాలా ఎగువన పార్కింగ్ కంచెకి మారుస్తానన్నాడు. పేజీలో ప్రమాదకర జంతువుల బొమ్మ కూడా అప్పుడే చేర్చాడు. చిన్ని డిసెంబరు సెలవుల్లో మళ్లీ వెళ్దామని తమ్ముణ్ని అడుగుతోంది. డిసెంబరంటే వానలు, జలగలు, జెల్లీఫిష్‌లు, గూళ్లు కాసే మొసళ్లు, రోడ్డు మూసుకుపోయే రోజులు. ముందు కొత్త జాబితా వేసి రంగులు పెట్టమని దాని చేతికే ఫోన్ ఇచ్చాడు. మొదటి ఎరుపు రంగు అదే పెట్టింది.